హనుమకొండ పెరట్లో కట్టిన తెరచాప పడవతో కాకినాడ అఖాతం: మొదటి పలక నుంచి తిరుగు ప్రయాణం దాకా

ఇది సముద్రం పక్కన పుట్టినవాళ్ల కోసం రాసింది కాదు. వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు ఉండి, నీళ్లంటే చెరువు, మత్తడి, కాలువ అనుకుంటూ పెరిగినవాళ్ల కోసం. నేనూ మా బావమరిదీ హనుమకొండలో ఇంటి వెనక రేకుల షెడ్డులో 12 అడుగుల పడవ కట్టుకున్నాం. ఏడాది పాటు చెరువులో తిప్పి, తర్వాత డీసీఎంలో కాకినాడ తీసుకెళ్లాం. ఆ దారిలో ఏది పనికొచ్చిందో, ఏది దెబ్బకొట్టిందో వరుసగా చెప్తాను.

ముందే ఒక మాట. పడవ కట్టడానికి మాకు మూడు నెలలు పట్టింది. బోల్తాపడ్డ పడవను లేపి మళ్లీ ఎక్కడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ రెండో పని పూర్తికాకుండా అఖాతంలోకి వెళ్లకండి. ఈత రానివాళ్లు ముందు ఈత నేర్చుకోండి.

ఎంత పడవ, ఏ పడవ

పొడవు 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు, అడుగు చదునుగా ఉన్న పడవ చాలు. ఇద్దరు కూర్చోవచ్చు, నలుగురు ఎత్తుకుని నడవచ్చు, డీసీఎంలో పడుతుంది. చదును అడుగు ఎందుకంటే, కాకినాడ అఖాతంలో దక్షిణం వైపు నీళ్లు బాగా పల్చన. లోతుగా దిగే పడవకు అక్కడ పని లేదు.

డిజైన్ మీరే గీసుకోవద్దు. కొలతలన్నీ ఉన్న ప్లాన్ కొనుక్కోండి. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, అతుకుల్లో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపే పద్ధతికి ప్లాన్లు చాలా దొరుకుతాయి. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో వచ్చిన మిర్రర్ అనే చిన్న పడవ ఈ పద్ధతిని మామూలు ఇళ్లలోకి తీసుకొచ్చింది. అలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి. పడవ పని తెలియనివాళ్లు, ఇంట్లో రంపం, డ్రిల్లు మాత్రమే ఉన్నవాళ్లు కట్టుకున్నవే అందులో ఎక్కువ. కాబట్టి భయపడాల్సిన పని కాదిది, ఓపిక ఉండాల్సిన పని.

ప్లైవుడ్ దగ్గర పిసినారితనం వద్దు

మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే ప్రమాణం ఉంది. కిచెన్ అలమారాలకు వాడే ఐఎస్ 303 వేరు, ఇది వేరు. 6 మిల్లీమీటర్ల మందం, 8 బై 4 షీట్లు నాలుగు సరిపోయాయి మాకు. ఒక్కో షీటు దాదాపు 12 కిలోలు ఉంటుంది. అన్నీ కలిపి పడవ 60 కిలోల దగ్గర తేలింది.

ముద్ర చూసి నమ్మొద్దు. మేము మొదటిసారి ఒక దుకాణంలో కొన్న షీటు మీద ఐఎస్ 710 అని స్పష్టంగానే ఉంది. అరచేయంత ముక్క కోసి, పాత గిన్నెలో వేసి కట్టెల పొయ్యి మీద నాలుగు గంటలు ఉడకబెట్టాం. తీసి ఎండలో పెట్టి, మళ్లీ ఉడకబెట్టాం. రెండోసారికే పొరలు అరటి దొప్పల్లా విడిపోయాయి. ఇంకో చోట కొన్న ముక్క మూడు రోజులు అలాగే చేసినా గోరు దూరనివ్వలేదు. అసలు ప్రమాణంలో ఉన్న పరీక్ష కూడా 72 గంటల ఉడకబెట్టడమే. షీట్లు మొత్తం కొనకముందు ఒక్కటి కొని ఈ పరీక్ష చేయండి. సముద్రంలో అతుకు విడిపోతే అక్కడ చేసేదేం ఉండదు.

కుట్టడం

షీటు పొడవు 8 అడుగులే కాబట్టి రెండు ముక్కలు కలపాలి. ముక్కలను అంచుకు అంచు ఆనించి, వెనక నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పున్న అదే ప్లై పట్టీని ఎపాక్సీతో అతికించి, మీద బరువులు పెట్టి ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాతే ప్లాన్ కొలతలు గీయాలి. రెండు పక్క పలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోయండి. అప్పుడే రెండు వైపులూ సమానంగా వస్తాయి.

అంచు నుంచి సెంటీమీటరు లోపలికి, ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక సన్న రంధ్రం వేసి, రాగి తీగ దూర్చి బయట వైపు మెలిపెట్టండి. అన్నీ ఒకేసారి బిగించొద్దు. మంచానికి నవారు అల్లినట్టు అన్నీ వదులుగా కట్టుకుంటూ పోయి, పడవ ఆకారం కుదిరాక ముందు నుంచి వెనక్కి బిగించుకు రావాలి. బిగించాక ముక్కు నుంచి వెనక రెండు మూలలకూ దారం పట్టి కొలవండి. రెండు కొలతల్లో సెంటీమీటరు తేడా ఉన్నా విప్పి సరిచేయండి. ఇప్పుడు వంకర ఉంటే జీవితాంతం ఆ పడవ ఒకవైపే లాగుతుంది.

లోపలి మూలల్లో ఎపాక్సీ ముద్ద నింపాలి. ఎపాక్సీలో సన్నని రంపపు పొట్టు కలిపి, చేగోడీ పిండిలా వేలికి జారకుండా ఉండేదాకా గట్టి చేయండి. మూలలో పెట్టి, గుండ్రటి చెంచా వెనక భాగంతో ఒకే లాగులో లాగితే నున్నగా వస్తుంది. అది గట్టిపడుతుండగానే దాని మీద ఫైబర్ గ్లాస్ పట్టీ పరిచి బ్రష్‌తో తడపండి. తర్వాత తీగలు తీసేసి, పడవను బోర్లించి, బయట అంతా చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే ఫైబర్ గ్లాస్ బట్ట వేయండి.

మన ఎండల గురించి ఇక్కడ జాగ్రత్త. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. మే నెలలో ప్లాస్టిక్ మగ్గులో అర లీటరు కలిపితే పది నిమిషాల్లో పొగ వచ్చి, మగ్గు కరిగి చేతికి అంటుకుంది. 200 గ్రాములకు మించి కలపొద్దు. మగ్గులో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే వేడి పోతుంది. వానాకాలంలో గాలి తేమకు పైన జిడ్డు పొర వస్తుంది. దాన్ని నీళ్లతో కడగకుండా పైన రంగు వేస్తే పెచ్చులుగా లేస్తుంది. మన దగ్గర ఈ పనికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టుకోకండి, ఒంటికి పడని వాళ్లకు దద్దుర్లు వస్తాయి.

గాలి గదులు

రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయని స్కూల్ టూర్‌లో విన్నవాళ్లమే అందరం. ఇటుకలో ఉన్న సన్నటి ఖాళీల్లో గాలి ఉండటమే కారణం. పడవకూ అదే లెక్క. మూసేసిన ఒక లీటరు గాలి దాదాపు ఒక కిలో బరువును తేలుస్తుంది. పడవ ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టెలా మూసేసిన గది కట్టండి. ఒక్కోటి కనీసం 100 లీటర్లు ఉండాలి. లోపల మూతలు బిగించిన ఖాళీ వాటర్ బాటిళ్లు నింపండి, గదికి రంధ్రం పడినా అవి తేలుస్తాయి. పడవ నిండా నీళ్లున్నా అంచులు నీటి పైన ఉంటేనే మీరు తోడి పోయగలుగుతారు. ఈ గదులు లేకుండా ఎవరైనా పడవ కట్టి పిలిస్తే ఎక్కకండి.

తెరచాప

నాకు బాగా ఇష్టమైన పని ఇది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కల్లాలకు అమ్మే పరదా ఉంటుంది కదా, మందపాటిది, అదే మా తెరచాప. ఖరీదైన సెయిల్ క్లాత్ అంత కాలం రాదు, రెండేళ్లకు ఎండకు పొడి రాలుతుంది. కానీ నేర్చుకునేటప్పుడు చిరిగినా ప్రాణం ఉసూరుమనదు.

నాలుగు మూలల తెరచాప, పైన ఒక అడ్డబొంగు, దాన్ని స్తంభం మీదికి లాగే తాడు ఒకటి. ఇంతకన్నా తేలికైనది లేదు. 60 చదరపు అడుగులు చాలు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పరదాను తిన్నగా కోస్తే గాలికి బోర్డులా నిలబడుతుంది, లాగదు. బొంగుకు కట్టే పై అంచును మధ్యలో రెండు వేళ్ల ఎత్తు వంపుతో కోయాలి. వంపు అంచును తిన్నటి బొంగుకు కట్టినప్పుడు ఆ మిగులు గుడ్డ కిందికి జరిగి కడుపులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే పడవను లాగేది.

మామూలు ఇంటి మిషన్ ఈ పని చేయదు. టెంట్ హౌస్ షామియానాలు కుట్టే దర్జీ దగ్గరికి వెళ్లాం. ఆయన పరదాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గాలికి కట్టేదా బిడ్డా? అయితే మూలలే చినుగుతయ్" అన్నాడు. నేను ఒక్క మాట చెప్పకుండానే నాలుగు మూలల్లోనూ నాలుగేసి పొరలు వేసి, కారు సీటు బెల్టు పట్టీ పెట్టి కుట్టాడు. ఆయన కుట్టిన మూల ఇప్పటికీ ఒక్క పోగు కదల్లేదు. రింగులు ఫ్లెక్సీలు వేసే షాపులో కొట్టించుకున్నాం. కింది అంచు నుంచి అడుగున్నర పైన అడ్డంగా ఒక వరుస రింగులు అదనంగా కొట్టించండి. గాలి ఎక్కువైనప్పుడు అక్కడిదాకా చుట్టి కడితే తెరచాప చిన్నదవుతుంది.

స్తంభానికి మూడు అంగుళాల లావున్న గట్టి వెదురు బొంగు. అడుగుకొకచోట నైలాన్ దారం గట్టిగా చుట్టి ఎపాక్సీ పూయండి, లేకపోతే ఎండకు పగులుతుంది. చుక్కాని రాయి తగిలితే పైకి లేచేలా మడత బోల్టు మీద ఉండాలి. పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దిగే పలకను మధ్యలో గాడి చేసి కాకుండా పక్క అంచుకు బోల్టుతో వేలాడదీయండి. అడుగుకు రంధ్రం ఉండదు, కారడం ఉండదు, పల్చటి నీళ్లలో దానంతట అదే పైకి లేస్తుంది.

చెరువులో ఏడాది

ఏ చెరువైనా సరే అనుకోవద్దు. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ నగరానికి తాగునీళ్లు. పాకాల అభయారణ్యం. ఊరి చెరువు చూసుకుని, పంచాయతీని, నీటిపారుదల వాళ్లను, మత్స్య సహకార సంఘం పెద్దలను కలిసి అడగండి. వలలు ఎక్కడ వేస్తారో వాళ్లే చూపిస్తారు. మా చెరువులో మునిగిన తుమ్మ చెట్లు ఎక్కడున్నాయో కూడా వాళ్లే చెప్పారు. అది చెప్పకపోతే మొదటి రోజే పడవ అడుగు చీరుకుపోయేది.

నేర్చుకోవాల్సినవి ఇవి. స్తంభానికి ఒక ఉన్ని దారం కట్టి, గాలి ఎటు నుంచి వస్తుందో ఎప్పుడూ దాన్నే చూడండి. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురెళ్లదు. మన పరదా పడవ గాలికి 60 డిగ్రీల కోణంలో మాత్రమే పోగలదు, కాబట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలికలు తిరగాలి. లెక్క వేస్తే గాలికి ఎదురుగా 2 కిలోమీటర్లు వెళ్లాలంటే 4 కిలోమీటర్లు తిరగాలి. ఈ ఒక్క లెక్క మర్చిపోయినవాళ్లే సాయంత్రానికి తిరిగిరాలేక చిక్కుకుంటారు. చుక్కాని పిడి వదిలేస్తే పడవ దానంతట అదే గాలివైపు ముక్కు తిప్పుకుని ఆగాలి. అలా కాకుండా గాలితో పాటు తిరిగిపోతుంటే స్తంభాన్ని కాస్త వెనక్కి వంచండి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక నీళ్ల మీద ఉండొద్దు. గాలిదుమారం లేచిందంటే పది నిమిషాలు కూడా టైం ఇవ్వదు.

ఇక బోల్తా. నడుము పైదాకా లోతున్న చోట, ఒడ్డున ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని, కావాలని బోల్తా కొట్టించండి. వరుస ఇది. ముందు అవతలి మనిషి తల కనిపిస్తుందా చూడాలి. పడవను వదిలి ఈదొద్దు. తెరచాపను గాలికి బిగించి పట్టుకునే తాడు వదిలేయాలి, లేకపోతే గుడ్డలో నీళ్ల బరువుకు పడవ లేవదు. ఒకరు ముక్కు పట్టుకుని దాన్ని గాలివైపు తిప్పి ఉంచాలి. ఇంకొకరు పడవ అడుగు వైపు వెళ్లి, పై అంచుకు ముందే కట్టి ఉంచిన ముడుల తాడు పట్టుకుని, కింది అంచు మీద నిలబడి వెనక్కి వాలాలి. నీళ్లలోకి దిగే పలక ఒకవైపే ఉంటుంది కాబట్టి దాని మీద నమ్మకం పెట్టుకోకుండా రెండు అంచులకూ ఈ తాళ్లు కట్టుకోండి. పడవ లేచాక వెనక నుంచి ఒక్కరే ఎక్కి, ఐదు లీటర్ల క్యాన్ సగానికి కోసిన దానితో నీళ్లు తోడాలి.

మా మొదటి బోల్తాలో పడవ బాగానే లేచింది. కానీ తెడ్లు, నీళ్ల క్యాన్, మా బావమరిది చెప్పులు గాలికి యాభై గజాల దూరం పోయాయి. అప్పటి నుంచి ప్రతి వస్తువుకూ ఒక దారం. ఒంటరిగా కూడా నాలుగు నిమిషాల్లో లేపి ఎక్కగలిగేదాకా, కనీసం పదిసార్లు చేయండి.

చివరి పరీక్షగా, అనుమతి దొరికితే కరీంనగర్ లోయర్ మానేరులో వానాకాలం గాలికి ఒక రోజు తిప్పండి. నీటి విస్తీర్ణం పెద్దది కాబట్టి అలలు అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

కాకినాడ అఖాతం, దాని నడక

పశ్చిమాన కాకినాడ ఒడ్డు. తూర్పున హోప్ ఐలాండ్, గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన పొడవాటి దిబ్బ, 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బంగాళాఖాతం అలలను అదే ఆపుతుంది, అందుకే లోపల చిన్న పడవకు వీలు. దక్షిణాన కోరింగ మడ అడవులు. తెరుచుకున్న నోరు ఉత్తరం వైపు, పోర్టు, ఓడల దారి కూడా అటే. మీరు అటు పోవద్దు. పెద్ద ఓడ వెంటనే ఆగలేకపోతుంది, మీరు దానికి కనబడరు కూడా.

చెరువు నేర్పనిది ఇక్కడ ఒకటుంది, ఆటుపోట్లు. పోటు, అంటే నీళ్లు పెరగడం, దాదాపు 6 గంటలు; ఆటు, అంటే తగ్గడం, దాదాపు 6 గంటలు. రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పోటు నీళ్లు ఉత్తరపు నోటి నుంచి దక్షిణానికి వస్తాయి, ఆటులో మళ్లీ ఉత్తరానికి పోతాయి. ఆరు గంటల్లో నీళ్లు ఒకే వేగంతో కదలవు. మొత్తాన్ని 12 భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాలు కదులుతాయి. మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు పోతాయన్నమాట.

పంచాంగం తెలిసినవాళ్లకు ఇది సులువు. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్లు పెద్దవి, అష్టమి దగ్గర చిన్నవి. మేము సెలవు కలిసొచ్చిందని మహాశివరాత్రికి వెళ్లాం. శివరాత్రి ఎప్పుడూ అమావాస్యకు ఒకటి రెండు రోజుల ముందే వస్తుందన్న సంగతి తెలిసీ, దాన్ని నీళ్లతో కలిపి ఆలోచించలేదు. ఉదయం నిండుగా ఉన్న నీళ్ల మీద దక్షిణానికి హాయిగా వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటకు పడవ అడుగు ఏదో మెత్తటి దాని మీద కూర్చుంది. చూస్తుండగానే చుట్టూ నల్లటి బురద, దాని మీద పీతలు. నేను దిగి తోద్దామని కాలు బయటపెట్టాను. దూరంగా పాయలో పోతున్న పడవలోంచి ఒక పెద్దాయన కేకేశాడు: "బాబూ, దిగకండి! నడుం దాకా దిగిపోతారండి. నీళ్లు వచ్చేదాకా కూర్చోండంతే!" సాయంత్రం ఐదున్నర దాకా, నీడ లేకుండా, ఉన్న రెండు లీటర్ల నీళ్లు పొదుపుగా తాగుతూ కూర్చున్నాం. రేవుకు వచ్చేసరికి చీకటి.

అందుకని రోజు ఇలా ఎంచుకోండి. ఫిబ్రవరి చివర, మార్చిలో పంచమికీ నవమికీ మధ్య, నీళ్లు బాగా తగ్గే సమయం ఉదయం 6, 9 గంటల మధ్య పడే రోజు. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే చల్లగాలితో, పోటుతో పాటు దక్షిణానికి వెళ్లండి. నిండు పోటుకు గంట ముందే వెనక్కి తిప్పండి. మధ్యాహ్నం తూర్పు, ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది, దానితో ఆటును పట్టుకుని ఇంటికి. జాలర్లు తరతరాలుగా తెల్లవారి వెళ్లి మధ్యాహ్నం రావడంలో ఉన్న లెక్క ఇదే. మన పడవ గంటకు 5 కిలోమీటర్లు పోతుందనుకుని, రోజుకు 12 కిలోమీటర్లకు మించి వేసుకోవద్దు. మొదటి రోజు ఒడ్డుకు కిలోమీటరు లోపలే.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం, వద్దు. వానాకాలం వద్దు. సముద్రం లేని మన రాష్ట్రంలోనే, హైదరాబాద్‌లో, దేశం మొత్తానికి సముద్రం ఎలా ఉండబోతోందో చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉంది, 1999లో మొదలైంది. అలల ఎత్తు, గాలి, ఆటుపోట్ల సమయాలు అందులో చూసుకోండి. గాలి 10 నాట్లు, అంటే గంటకు 18.5 కిలోమీటర్లు దాటుతుందంటే మానుకోండి. నీళ్ల మీద ఉండగా అలల తలల మీద తెల్లటి నురగ అక్కడక్కడ కనిపిస్తే తెరచాప కుదించండి, అంతటా కనిపిస్తే ఒడ్డు పట్టండి.

అనుమతులు ముందు రోజే కాదు, ముందు నెలలోనే. పోర్టు అధికారుల ఆఫీసు, మెరైన్ పోలీస్ స్టేషన్ రెండింటినీ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. హోప్ ఐలాండ్, మడ అడవులు కోరింగ అభయారణ్యంలోవి, అటవీశాఖ అనుమతి లేకుండా దిగొద్దు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, ఆ ఇసుక వాటిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు చుట్టుపక్కల సాయానికి పడవలు కూడా తక్కువ.

పడవలో ఉండాల్సినవి: లైఫ్ జాకెట్లు ఒంటి మీద, విజిల్ మెడలో. మనిషికి 4 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్. రెండు తెడ్లు. 5 కిలోల లంగరు, రెండు మీటర్ల గొలుసు, 30 మీటర్ల తాడు. లోతుకు ఐదింతల తాడు వదిలితేనే లంగరు పట్టుకుంటుంది. టార్చ్, నీళ్లు దూరని కవర్లో ఫోన్, ఆధార్. నీడకు ఒక పాత చీర. తినడానికి మేము ఇంట్లో చేసిన సకినాలు తీసుకెళ్లాం, ఉప్పుగాలికి మెత్తబడలేదు. కోస్ట్ గార్డ్ నంబర్ 1554 పడవ లోపల పెయింట్‌తో రాసి ఉంచండి. ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఒడ్డున ఒక మనిషికి చెప్పి, ఆ టైం దాటితే ఫోన్ చేయమనండి.

ఇంటికొచ్చాక పడవను బోర్లించి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. బోల్టులు విప్పి ఉప్పు తుడిచి గ్రీజు పెట్టండి. గాలి గదుల మూతలు తీసి లోపల చేయి పెట్టి చూడండి. తడి తగిలితే ఎక్కడో సన్న పగులు ఉంది. సబ్బునీళ్లు పూసి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడితే బుడగ లేచిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వారం ఎండనిచ్చి ఎపాక్సీ వేయండి.